మోకు కట్టుకున్న ధైర్యం

"ఎవరి ప్రాణం వాళ్ళిష్టం, మధ్యలో మనమెవరం?" అంటారు మా ఇంట్లో కుర్రకారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆ మాట వినగానే నాకు 1980 జూన్ 23 గుర్తొస్తుంది.

ఆనాటి ఉదయం ఢిల్లీలో సంజయ్ గాంధీ నడుపుతున్న చిన్న విమానం కూలిపోయింది. ఆయనకప్పుడు 33 ఏళ్ళు. ఇంట్లో మూడు నెలల పసివాడు. ఆ విమానం పేరు పిట్స్ ఎస్-2ఎ. ఒకదానిమీద ఒకటిగా రెండు జతల రెక్కలతో, గాలిలో పిల్లిమొగ్గలు వేయడానికే తయారైన విమానం. నేలకి మరీ దగ్గరలో విన్యాసాలు చేస్తుండగా అదుపు తప్పింది. ఇదంతా అందరికీ తెలుసు. అందులో ఇంకో సీటుందనీ, ఆ సీట్లో ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్ శిక్షకుడు కెప్టెన్ సుభాష్ సక్సేనా ఉన్నారనీ, ఆయనా పోయారనీ ఎంతమందికి గుర్తుంది? పేరున్నవారి చావు చరిత్రకెక్కుతుంది. పక్కసీటు మనిషి చావు వాళ్ళ ఇంటివాళ్ళకే మిగులుతుంది.

పోనీ, విమానానిదే దోషమందామా? కర్టిస్ పిట్స్ అనే అమెరికన్ 1944లో మొదటిది తయారుచేశాడు. రెక్కల కొసనుంచి కొసకి పదిహేడడుగులుంటే గొప్ప. అలాంటి విమానంతోనే బెట్టీ స్కెల్టన్ అనే అమ్మాయి 1949, 50లలో వరసగా రెండేళ్ళు అమెరికా మహిళా విన్యాసాల పోటీల్లో గెలిచింది. తలకిందులుగా ఎగురుతూ, నేలకి పదడుగుల ఎత్తున కట్టిన రిబ్బను కత్తిరించేది! నిండా 85 ఏళ్ళు బతికి 2011లో వెళ్ళిపోయింది. ఆ విమానాన్ని ఇప్పటికీ స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో తలకిందులుగానే వేలాడదీశారు. అందులో ఉన్నది మాత్రం ఒకటే సీటు.

దోషం ఎక్కడుందంటే ఎత్తులో ఉంది. విమానం ఆకాశంలో సున్నా చుట్టేటప్పుడు, రెండో సగంలో దాని ముక్కు నేలకేసి దూసుకొస్తుంది. మళ్ళీ లేవాలంటే కింద ఖాళీ ఉండాలి. లేదని కంగారుపడి ముక్కు గట్టిగా పైకి గుంజారో, వేగం ఎంత ఉన్నా సరే, రెక్కలు గాలిపట్టు వదిలేస్తాయి. అయిదువేల అడుగుల ఎత్తున జరిగితే అది పాఠం. అయిదువందల అడుగుల ఎత్తున జరిగితే పాఠం నేర్చుకునే మనిషే మిగలడు. ప్రత్యేక అనుమతి లేనిదే పదిహేను వందల అడుగుల కింద ఈ విన్యాసాలు కూడదని అమెరికాలో నిబంధన పెట్టింది అందుకే.

అంతదూరం ఎందుకు, మన హైదరాబాదులోనే 2010 మార్చి 3న బేగంపేటలో విమాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళం వారి 'సాగర్ పవన్' బృందంలోని కిరణ్ జెట్ ఒకటి న్యూ బోయినపల్లిలో ఒక భవనం మీద పడింది. కమాండర్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ మరణించారు. కింద ఉన్నవాళ్ళకి గాయాలయ్యాయి. వాళ్ళు విమానం ఎక్కలేదు, సాహసం చేస్తామనలేదు. మరి "ఎవరి ప్రాణం వాళ్ళిష్టం" అన్నమాట వాళ్ళకెలా చెబుతాం?

అలాగని రెక్కలు కట్టిపెట్టి అందరూ ఇంట్లో కూర్చోవాలని నేననను. మా పెదవేగిలో పామాయిలు తోటల మధ్య ఇంకా తాటిచెట్లు నిలబడే ఉన్నాయి. గీతకార్మికుడు ఎక్కే చెట్టు కింద నిలబడి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. అతనికి ధైర్యం తక్కువై మోకు కట్టుకుంటాడా? రేపు కూడా ఎక్కాలి గనక కట్టుకుంటాడు. మనం మాత్రం? ఎంత పొదుపుగా వండినా డబ్బా అడుగున గిద్దెడు బియ్యం ఉంచుకోమూ? ఎప్పుడు ఏ చుట్టం దిగుతాడో తెలియక. దాన్ని పిరికితనమని ఎవరూ అనరే! పైలట్‌కి ఎత్తు కూడా ఆ గిద్దెడు బియ్యంలాంటిదే. పొరపాటనే చుట్టం చెప్పిరాదు.

అందుకే బండి తాళాలు తీసుకుని ఏలూరు రోడ్డెక్కబోయే పిల్లల్ని ఇప్పుడు నేను "వద్దు" అనడం మానేశాను. రెండే రెండు ప్రశ్నలడుగుతాను. నీ మోకు ఏది? నీ వెనక సీట్లో ఎవరు?

సరిగా జవాబు చెప్పినవాళ్ళతో ఇంక వాదించను. వాళ్ళు తిరిగొచ్చేదాకా నాకు నిద్ర పడుతుందా అంటారా... అది వేరే సంగతి లెండి.