పేరు అడగని పిలుపు

సభ ఎలా జరిగిందని అడిగితే మనవాళ్లు ముందు కుర్చీలు లెక్కపెడతారు. నిండితే విజయవంతం. నిండకపోతే నిర్వాహకుల చేతగానితనం. మర్నాడు పేపర్లో వార్త కూడా అలాగే ఉంటుంది, హాలు కిక్కిరిసిందనో వెలవెలబోయిందనో. వచ్చినవాళ్ల లెక్క ఉంటుంది గానీ రానివాళ్ల లెక్క ఉండదు. వాళ్లు రాలేకపోయారా, రావద్దనుకున్నారా, అసలు తమను పిలిచినట్టే వాళ్లకు అనిపించలేదా అని ఎవరూ అడగరు. రవీంద్రభారతి చుట్టూ ఇరవై ఏళ్లుగా విలేకరిగా తిరుగుతున్నా నాకు ఈ ప్రశ్న అక్కడ వినిపించలేదు. సెల్‌ఫోన్లో ఆడుకునే ఒక ఆట దగ్గర వినిపించింది.

ఆట అనగానే పెదవి విరవకండి. మనుషులు ఎక్కడ గుమిగూడినా అక్కడ పిలిచేవాడూ, వచ్చేవాడూ, గుమ్మం బయట ఆగిపోయేవాడూ ఉంటారు. అది షాదీఖానా అయినా, ముషాయిరా అయినా, కాలు మోపే నేలే లేని మైదానం అయినా అంతే.

లక్డీకాపూల్‌లో ఉండే మా ఆపా కొడుకు ఆడే ఆట పేరు బీజీఎంఐ. పాత పబ్‌జీ మొబైలే పేరు మార్చుకుని వచ్చిన ఆట ఇది. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఒక్కసారిగా నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ ఒకటి. 2021 జులైలో అది కొత్త పేరుతో వచ్చింది. 2022 జులైలో మళ్లీ మాయమైంది. 2023 మేలో తిరిగొచ్చింది. అది పోయిన ప్రతిసారీ పిల్లలు బాధపడ్డది ఆట కోసమే కాదు. ఒకరి మొహం ఒకరు చూడకుండానే దోస్తులైనవాళ్ల అడ్డా చెదిరిపోయినందుకు.

మా వాడి అడ్డాలో అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలున్నారు. పంజాగుట్ట బట్టల షాపుల్లో పనిచేసే కుర్రాళ్లున్నారు. ఎప్పుడూ మైకు ఆన్ చేయని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలున్నారు. లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేట మెట్రోలో నాలుగో స్టేషన్. అయినా వీళ్లు కలిసేది ఆటలోని దీవి మీదే. ఆ దీవిలో వందమంది దాకా దిగుతారు. నలుగురు ఒక జట్టు. చివరిదాకా మిగిలిన జట్టు గెలుస్తుంది. ఒక్కో ఆట అరగంట సేపు సాగుతుంది.

ముక్కూమొహం తెలియనివాళ్లతో ఎప్పుడైనా ఆడుకోవచ్చు. దానికి పిలుపు అక్కర్లేదు. కానీ తెలిసినవాళ్ల మధ్య పోటీ పెట్టాలంటే ఎవరో ఒకరు ఇంటి పెద్దలా నిలబడాలి. ఆటలో వేరే గది తెరవాలి. పేరిచ్చినవాళ్లకే ఆ గది నంబరు, తాళపు మాట పంపాలి. గెలిచినందుకు ఎన్ని పాయింట్లు, ఎదుటివాణ్ని పడగొట్టినందుకు ఎన్ని పాయింట్లు అన్నది ముందురోజే చెప్పాలి. ఒకే వైఫై మీద ఇరవైమంది బతికే హాస్టల్లో మధ్యలో నెట్ పోతే ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. తగాదా వస్తే ఆ రోజు ఆడనివాడే తీర్పు చెప్పాలి. ఫలితం ఆ రాత్రికే అందరికీ తెలియాలి. ఇవన్నీ చేసే బాధ్యతను ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక హాస్టల్ కుర్రాడు తలకెత్తుకున్నాడు. బాగా చేశాడు. వారం వారం జట్లు పెరిగాయి. కుర్చీల లెక్కన చూస్తే అది విజయమే.

2025 మార్చి. రంజాన్ నెల. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు మొదటి ఆట పెట్టారు. హైదరాబాదులో ఆ రోజుల్లో ఇఫ్తార్ వేళ ఆరున్నరకు అటూ ఇటూ. కొన్ని జట్లు రాలేదు. ఎందుకు రాలేదో చాలామందికి తెలియలేదు. ఒకరిద్దరు టైమ్ మార్చమని సణిగితే ఆ కుర్రాడన్న మాట ఇది: "టైమ్ అందరికీ ఒకటే బ్రో. ఈ వారం రాలేనోళ్లు వచ్చే వారం ఆడుకుంటరు."

ఈ మాటలో ద్వేషం లేదు. అతను నిజంగానే అందరినీ ఒకేలా చూస్తున్నాననుకున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. ద్వేషంతో తలుపు వేసేవాడితో పోట్లాడొచ్చు. తలుపు బార్లా తెరిచే ఉందిగా, నువ్వే రాలేదు అనేవాడితో ఎలా మాట్లాడాలి?

"నీకు కుదరదని చెప్పొచ్చు కదరా" అని మావాణ్ని అడిగాను. ఆటలో వాడు పెట్టుకున్న పేరులో ఊరు లేదు, మతం లేదు, నాలుగు అక్షరాలూ రెండు అంకెలూ ఉన్నాయి. "నక్కో మామూ" అన్నాడు. "అక్కడ నేను మంచి ఆటగాణ్ని. చెప్పిన మర్నాటి నుంచి ముస్లిం ఆటగాణ్ని అవుతాను."

ఈ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇందులో ఇద్దరి న్యాయం ఢీకొంటోంది. నన్ను నా పనితో చూడాలి, నా పేరుతో కాదు అనడం న్యాయమే. నా బతుకును లెక్కలోకి తీసుకుని పిలవాలి అనడమూ న్యాయమే. కానీ మొదటిదాని కోసం నేనెవరో తెలియకూడదు. రెండోదాని కోసం తెలియాలి. రెండూ ఒకేసారి ఎలా దక్కుతాయి?

పిరికితనం, దాచడమెందుకు, గుండె మీద చెయ్యేసుకుని పేరు చెప్పాలి అనేవాళ్లు మనలో ఉన్నారు. చెప్పడానికి బాగానే ఉంటుంది. అమీర్‌పేట సందుల్లో టులెట్ బోర్డు చూసి ఫోన్ చేసినవాళ్లకు తెలుసు ఆ సంగతి. మొదట అద్దె మాట, తర్వాత నీళ్ల మాట, ఆ తర్వాత పేరు మాట. పేరు వినగానే "ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారండీ" అన్న మాట. ఇది నేనూ విన్నాను. గది కోసం ఇంత విన్నవాడు ఆట కోసం కూడా వినాలా? ఒక్క చోటైనా పేరు బరువు దించుకుని కూర్చోవాలని పాతికేళ్లవాడికి అనిపిస్తే తప్పేముంది?

మారుపేరు మనకు కొత్తది కాదు. ఉర్దూ షాయర్లకు తఖల్లుస్ ఉంటుంది. నిజాం రాజ్యంలో రెండుసార్లు ప్రధానిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ 'షాద్' అన్న పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు, ముషాయిరాలు జరిపించాడు. 'ఫిరాఖ్' అసలు పేరు రఘుపతి సహాయ్. కానీ ఒక తేడా ఉంది. షాద్ ఎవరో సభలో అందరికీ తెలుసు. తఖల్లుస్ సొంత పేరు పక్కన కూర్చునే రెండో పేరు. సొంత పేరును వెనక్కి నెట్టి కూర్చునేది ముసుగు. మావాడి నాలుగు అక్షరాలు తఖల్లుసా, ముసుగా? అది వాడు తేల్చేది కాదు. ముసుగు తీసినా మర్యాద తగ్గదని నమ్మకం ఉన్నచోట అది తఖల్లుస్ అవుతుంది. లేనిచోట ముసుగే. అంటే ఆ పేరుకు అర్థం ఇచ్చేది పెట్టుకున్నవాడు కాదు, వాణ్ని పిలిచిన సభ.

నార్వే దేశంలో మాట్స్ స్టీన్ అనే యువకుడుండేవాడు. కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బు. చక్రాల కుర్చీలోనే బతుకు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటలో అతని పేరు ఇబెలిన్. అక్కడ అతను పరుగెత్తేవాడు, తోటివాళ్ల కష్టసుఖాలు వినేవాడు. తన జబ్బు సంగతి చాలాకాలం వాళ్లకు చెప్పలేదు. 2014లో, 25 ఏళ్ల వయసులో చనిపోయాడు. కొడుకు ఒంటరిగా పోయాడనుకున్న తల్లిదండ్రులకు ఎక్కడెక్కడి దేశాల నుంచో ఉత్తరాలు వచ్చాయి. అతని ఆట బృందంవాళ్లు కొందరు అంత్యక్రియలకు వచ్చారు. అతని జ్ఞాపకార్థం ఏటా ఆటలోనే కలుస్తున్నారు. 2024లో అతని మీద వచ్చిన డాక్యుమెంటరీని లోకమంతా చూసింది. పేరు దాచడం వల్ల అతనికి ముందు మనిషిగా నిలబడే వీలు దొరికింది. కానీ ఈ కథలో గొప్పతనం దాచడంలో లేదు. తెలిశాక ఎవరూ వెనక్కి తగ్గకపోవడంలో ఉంది.

అదే ఆటలో 2006లో ఇంకో సభ జరిగింది. చనిపోయిన ఒక ఆటగత్తె కోసం ఆమె సహచరులు ఆటలోని మంచు ప్రాంతంలో సంతాప సభ పెట్టుకున్నారు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే అందరికీ చెప్పారు. ఎదుటి పక్షంలోని ఒక బృందం వచ్చి, వరసగా నిలబడ్డవాళ్లను ఊచకోత కోసి, దాన్ని వీడియో తీసి పంచిపెట్టింది. అదేమిటంటే ఆ చోట ఎవరు ఎవరినైనా కొట్టొచ్చని ఆట నిబంధన. రూల్ అందరికీ ఒకటే! నిజమే, ఒక్క రూల్ కూడా తప్పలేదు. కానీ రూలుకు కట్టుబడటమూ మర్యాదగా ఉండటమూ ఒకటి కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఎందుకు?

పెద్ద కంపెనీలకూ ఇదే అనుభవం. 2020 జూన్‌లో పబ్‌జీ మొబైల్‌లో కొత్తగా అడవి ఒకటి తెచ్చారు. అందులో ఆటగాడి బొమ్మ ఒక విగ్రహ స్తంభం ముందు మోకరిల్లితే శక్తి వస్తుంది. గల్ఫ్ దేశాల ముస్లిం ఆటగాళ్లు అభ్యంతరం చెప్పారు. కంపెనీ క్షమాపణ చెప్పి దాన్ని తీసేసింది. అవమానించాలని ఎవరూ అనుకుని ఉండరు. తయారుచేసేటప్పుడు ఆ బల్ల చుట్టూ అడిగేవాళ్లు లేరు, అంతే. అదే ఏడాది రంజాన్‌లో మసీదుల తలుపులు మూతపడితే, కొందరు 'యానిమల్ క్రాసింగ్' ఆటలోని తమ దీవులకు స్నేహితులను ఇఫ్తార్‌కు పిలుచుకున్నారు. ఆట మనిషిని బయటా నిలబెట్టగలదు, లోపలికీ పిలవగలదు. ఏది జరిగేదీ పిలిచేవాడి చేతిలో ఉంది.

మరి పిలిచేవాడు ఏం చేయాలి? అందరి మతం, కులం, ఊరు రాయించుకుని పట్టీ తయారుచేయాలా? వద్దు. ఆ పట్టీలంటే మనకు భయం, భయపడటానికి కారణాలూ ఉన్నాయి. దారి వేరే ఉంది. ఆ దారి ఈ పిల్లలకే దొరికింది.

పంజాగుట్ట షాపులో పనిచేసే ఒక కుర్రాడు అన్నాడట, ఆదివారం సాయంత్రం గిరాకీ ఎక్కువ, ఇన్ని నెలల్లో ఒక్క ఆదివారమూ పూర్తిగా ఆడలేదని. ఖమ్మం కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. బృందంలో ఒక ప్రశ్న పెట్టాడు: "మీకు ఏ వేళలో కుదరదు? కారణం రాయక్కర్లేదు." ఎవరు ఏది నొక్కారో ఎవరికీ కనిపించని ఏర్పాటు చేశాడు. జవాబులు చూస్తే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కుదరనివాళ్లే ఎక్కువ. షాపు కుర్రాళ్లు, సాయంత్రం క్లాసుల పిల్లలు, ఉపవాసాలవాళ్లు. ఎవరికివారు తామొక్కరమే అనుకుని నోరు మూసుకున్నారు. ఆట రాత్రి పదిన్నరకు మారింది. తరావీహ్ అయిపోతుంది, షాపు షట్టరూ దిగుతుంది. పొద్దున ఆరింటికే డ్యూటీ ఉన్న ఒకరిద్దరికి అది కుదరలేదు. వాళ్ల కోసం నెలకొకసారి పగటి ఆట పెట్టారు.

"నువ్వెవరు?" అన్న ప్రశ్నకూ "నీకేం అడ్డం?" అన్న ప్రశ్నకూ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది జవాబు చెప్పేవాణ్ని బోనులో నిలబెడుతుంది. రెండోది అడిగినవాడి మీద బాధ్యత పెడుతుంది. ఈ రెండో ప్రశ్న మన నగరానికి కొత్తేమీ కాదు. లక్డీకాపూల్‌కు కూతవేటు దూరంలో, పబ్లిక్ గార్డెన్స్‌లో, 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన నుమాయిష్ ఇప్పుడు నాంపల్లి మైదానంలో జరుగుతోంది. అందులో ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక రోజుంటుంది. ఎందుకు రావడం లేదని ఏ ఇంటికీ వెళ్లి అడగక్కర్లేకుండా ఆ రోజు తలుపు వాళ్ల కోసం తెరుచుకుంటుంది. మిగతా రోజులు కూడా వాళ్లవే. ఇది గమనించాలి. అదనంగా తలుపు తీయడం వేరు, వేరే తలుపు చూపించి ఇటు రావద్దనడం వేరు.

అయితే వేళ మారినంత మాత్రాన అంతా మారిపోలేదు. ఆ అమ్మాయిలు ఇప్పటికీ మైకు ఆన్ చేయడం లేదు. గొంతు వినగానే వచ్చే వెకిలి మాటలు వాళ్లకు తెలుసు. వాళ్ల గొంతూ మావాడి పేరూ ఒకే రకం మౌనంలో ఉన్నాయి. దాన్ని వేళలతో బాగుచేయలేం. వెకిలి మాట అన్నవాణ్ని, వాడు ఎంత మంచి ఆటగాడైనా, ఆ రాత్రికి గది బయట కూర్చోబెట్టే నిర్వాహకుడు కావాలి. అలా ఒకసారి చేస్తే ఒక జట్టు పోవచ్చు. కుర్చీ ఒకటి ఖాళీ అవుతుంది. ఖాళీ అయినా ఫరవాలేదనగలిగినవాడే నిజంగా సభ జరపగలడు.

మావాడు తన పేరు చెప్పాడా లేదా అని మీరు అడగొచ్చు. నేను వాణ్ని అడగలేదు. చెప్పడం వాడి ఇష్టం. ఇంతకు ముందు కూడా అది వాడి ఇష్టమే అనేవాళ్లు, కానీ అప్పుడు దాచడం తప్ప వేరే దారి లేదు. రెండు దారులున్నప్పుడే కదా ఇష్టం అన్న మాటకు అర్థం. పేరు చెప్పమని బలవంతపెట్టనిదీ, చెప్పినందుకు మూల్యం అడగనిదీ ఏ గుంపైనా ఉంటే, అది నలుగురు కూర్చున్న చాయ్ హోటలైనా, వందమంది దిగిన ఉత్తుత్తి దీవి అయినా, దాన్ని సమాజం అనొచ్చు. మిగతావన్నీ నిండిన కుర్చీలే.