వెంట్రుకవాసి ఖాళీ

వేడి పుట్టించడం ఎంత సులువు! సన్నని తీగకు కరెంటు ఇస్తే చాలు. 1840 ప్రాంతంలో జేమ్స్ జూల్ కొలిచి చెప్పిన లెక్క నేటికీ చెక్కుచెదరలేదు: కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. తీగలో ఖర్చయిన విద్యుత్తు వీసమెత్తు కూడా దారి తప్పదు, అంతా వేడే అవుతుంది. అబ్బురపడాల్సింది అక్కడ కాదు. పుట్టిన వేడిని కావలసిన చోటికి చేర్చడం చూసి అబ్బురపడాలి. అదీ ఒక్క హీటరులో కాదు, ఏ రెండూ అచ్చంగా ఒక్కలా ఉండని లక్ష హీటర్లలో.

ఈ ముచ్చట చెప్పుకోవడానికి న్యూజెర్సీలోని ఐసెలిన్ తగిన ఊరు. ఓక్ ట్రీ రోడ్డులో చీరల దుకాణాలు, మిఠాయి అంగళ్లు చూసుకుంటూ నడిచే మనకు, పక్కనే మెన్లో పార్క్ ఉందన్న సంగతి తరచూ గుర్తుండదు. 1876లో థామస్ ఎడిసన్ ప్రయోగశాల పెట్టింది అక్కడే. 1879 డిసెంబరు 31 రాత్రి జనం రైళ్లెక్కి వచ్చి కళ్లప్పగించి చూసిన దీపాలు వెలిగింది అక్కడే. ఆ దీపం నిజానికి ఒక హీటరు. వేడి ముదిరి వెలుగైన బొగ్గు పోగు.

ఆ పోగుతోనే తంటా మొదలైంది. నూలును కాల్చినా వెదురును కాల్చినా బొగ్గు పోగు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందం ఉండదు. సన్నబడిన చోట నిరోధం ఎక్కువ, కనుక వేడీ ఎక్కువే. పోగు ముందుగా తెగేది అక్కడే. ఎడిసన్‌తో పోటీపడిన విలియం సాయర్, ఆల్బన్ మాన్ దీనికి పన్నిన ఉపాయం చూడండి. పోగును హైడ్రోకార్బన్ ఆవిరిలో ఉంచి కరెంటు ఇచ్చారు. వేడికి ఆవిరి విడిపోయి, అందులోని కార్బన్ పోగు మీద పేరుకుంది. ఎక్కడ ఎక్కువ కాగిందో అక్కడే ఎక్కువ పేరుకుంది. సన్నని చోటు తనంతట తానే లావెక్కింది! లోపాన్ని వెతికే భూతద్దం అక్కర్లేకపోయింది, దిద్దే చెయ్యీ అక్కర్లేకపోయింది. తప్పు ఎక్కడుందో తప్పే చూపించింది, చూపించిన చోటే మానింది.

తర్వాత 1906లో ఆల్బర్ట్ మార్ష్‌కు పేటెంటు దక్కిన మిశ్రలోహం వచ్చింది. అదే మన ఇస్త్రీ పెట్టెల్లో, రొట్టెలు కాల్చే టోస్టర్లలో ఎర్రబడే నైక్రోమ్. సుమారు 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. ఎర్రగా కాగుతూ తన ఒంటిమీద తానే క్రోమియం ఆక్సైడు పొరను కప్పుకుని, గాలికి తుప్పు పట్టకుండా నిలుస్తుంది. అయినా సన్నని చోటు బాధ దానికీ తప్పలేదు. తీగ వ్యాసం నూటికి ఒక పాలు తగ్గితే నిరోధం రెండు పాళ్లు పెరుగుతుంది. అక్కడ వేడెక్కి, కాలి, ఇంకా సన్నబడి, ఇంకా వేడెక్కి చివరికి తెగుతుంది. దీనికి విరుగుడు ఒక తెల్లటి పొడి, మెగ్నీషియం ఆక్సైడు. కరెంటును దగ్గరికి రానివ్వదు, వేడికి మాత్రం దారి వదులుతుంది. ఈ రెండు గుణాలూ ఒక్క పదార్థంలో కలిసి దొరకడం అరుదు. తీగచుట్టను లోహపు గొట్టంలో నిలిపి, చుట్టూ ఈ పొడి పోసి, గొట్టాన్ని బయటినుంచి నొక్కి సన్నబరుస్తారు. పొడి రాయిలా బిగుస్తుంది. ఇక తీగలో ఏ చోటు కాస్త ఎక్కువ కాగినా, ఆ వేడిని పొడి వెంటనే లాగేసుకుంటుంది. తీగ వంకర తీగదే, హీటరు ఆయుష్షు మాత్రం తరగదు.

గొట్టం దాటాక అసలు శత్రువు ఎదురవుతుంది. గాలి. ప్లాస్టిక్ మూసలు కాచడానికి, ప్యాకెట్లకు సీలు వేయడానికి ఇనప దిమ్మెలో రంధ్రం తొలిచి అందులో కడ్డీలాంటి కాట్రిడ్జ్ హీటరు దూరుస్తారు. దూరాలంటే రంధ్రం కాస్త వదులుగా ఉండాలి. వేడి దాటాలంటే వదులు ఉండకూడదు. తొలిచిన ప్రతిసారీ రంధ్రం ఒక పిసరు అటూ ఇటూ అవుతుంది, హీటరూ అంతే. హీటరు ఒంటిమీద ప్రతి చదరపు సెంటీమీటరు నుంచి 10 వాట్లు బయటికి రావాలనుకోండి. నడుమ తల వెంట్రుక మందం, అంటే 0.1 మిల్లీమీటరు గాలి ఉంటే, ఆ గాలిని దాటించడానికే హీటరు దిమ్మె కంటే దాదాపు 200 డిగ్రీలు ఎక్కువ కాగాలి. ఖాళీని ఐదో వంతుకు తగ్గిస్తే 40 డిగ్రీలు చాలు. వెంట్రుకవాసి తేడాకు ఇంత వెల! రైస్ కుక్కర్ వాడే వాళ్లందరికీ ఇది అనుభవమే. గిన్నె అడుగుకీ ప్లేటుకీ మధ్య ఒక్క మెతుకు చిక్కుకుందంటే, అన్నం ఒకవైపు పలుకు, ఆ మెతుకేమో మసిబొగ్గు.

ఈ పేచీ తీర్చిన చీలిక హీటరును చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. గుండ్రటి కడ్డీని నిలువునా చీల్చినట్టు రెండు సగాలు. చల్లగా ఉన్నప్పుడు వదులుగా, అడ్డు లేకుండా రంధ్రంలోకి జారుతుంది. కరెంటు తగలగానే సగాలు రెండూ చెరో పక్కకూ విచ్చుకుని రంధ్రపు గోడను గట్టిగా అదుముకుంటాయి. రంధ్రం కాస్త పెద్దదైతే కాస్త ఎక్కువ విచ్చుకుంటాయి. కరెంటు ఆపేస్తే మళ్లీ ముడుచుకుని, లాగితే చేతికి వచ్చేస్తాయి. ఖాళీని మూసే పనిని ఆ వేడికే అప్పజెప్పిన బుర్ర ఎంత గొప్పది!

బేరియం టైటనేట్ అనే పింగాణీది ఇంకో రకం తెలివి. తగిన మలినాలు పిసరంత కలిపి తయారుచేస్తే, సుమారు 120 డిగ్రీలు దాటగానే దాని నిరోధం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది, కరెంటు దానంతట అదే తగ్గుతుంది. ఇలాంటి బిళ్లలను రెండు లోహపు పలకల మధ్య వరసగా పేర్చితే, ఏ బిళ్ల నుంచి వేడి బాగా దిగడం లేదో అది తన వాటా తగ్గించుకుంటుంది, చల్లబడ్డది ఎక్కువ పనిచేస్తుంది. నైక్రోమ్‌లో ముదిరే లోపం ఇక్కడ కుదుటపడుతుంది. అన్నిటినీ ఒకే దారిన నడిపే మేస్త్రీ ఎవరూ ఉండరు.

ఐసెలిన్‌కు ఈ విద్యలో సొంత వాటా ఉంది. కార్ల పొగను శుభ్రంచేసే ఉత్ప్రేరకాలకు పేరుపడ్డ ఎంగెల్‌హార్డ్ సంస్థ ముఖ్య కార్యాలయం ఈ ఊళ్లోనే ఉండేది. 2006లో దాన్ని బీఏఎస్‌ఎఫ్ కొనుక్కుంది. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు కార్ల్ కీత్, జాన్ మూనీ 1970లలో తీర్చిదిద్దిన త్రీ-వే ఉత్ప్రేరకం మూడు రకాల విషవాయువులను ఒకేసారి విరుస్తుంది. అయితే అది మేలుకోవాలంటే 250, 300 డిగ్రీల వేడి తగలాలి. కారు స్టార్టయిన తొలి నిమిషంలో పొగ ఎక్కువగా తప్పించుకునేది అందుకే, కొన్ని కార్లలో ఉత్ప్రేరకం ముందు విద్యుత్ హీటరు పెట్టేదీ అందుకే. ఆ ఉత్ప్రేరకం పూసిన పింగాణీ ఇటుక వేడికి దాదాపు సాగదు, దాన్ని పొదివిన ఉక్కు డబ్బా బాగా సాగుతుంది. కాగేకొద్దీ నడుమ ఖాళీ పెరగాల్సిందే, ఇటుక అటూ ఇటూ కొట్టుకుని పగలాల్సిందే. అలా జరగకుండా చాలా డబ్బాల్లో నడుమ వర్మిక్యులైట్ కలిపిన మెత్త చుడతారు. మన నెల్లూరు సీమలోనూ దొరికే ఖనిజమే అది. వేడి తగిలితే రేకులు రేకులుగా విచ్చి ఉబ్బుతుంది. ఇటుక కొలతలో తేడా, డబ్బా కొలతలో తేడా, వేడికి పెరిగిన తేడా, మూడింటినీ ఆ ఒక్క ఉబ్బే పూడ్చేస్తుంది.

హీటర్ల తయారీదారుల పట్టికల్లో వాట్ల పక్కన తరచూ ఒక చిన్న గీటు కనిపిస్తుంది: ఐదు శాతం ఎక్కువ, పది శాతం తక్కువ. పెరిగే పిల్లకు గౌను కుట్టే దర్జీ లోపల మడత వదిలినట్టు, రాబోయే తేడాకు ముందే వదిలిన చోటు అది. ఇందులో సోమరితనం లేదు. ప్రతి తీగనూ ప్రతి రంధ్రాన్నీ మైక్రాన్ల లెక్కన చెక్కి సరిచేయడం సాధ్యమే. కానీ ఒక్కో మైక్రాను తగ్గేకొద్దీ ధర కొండెక్కుతుంది, అలాంటి హీటరు ప్రయోగశాల గుమ్మం దాటదు. కొలత కాస్త తప్పినా పనిచేసేలా గీశారు గనకే ఇస్త్రీ పెట్టె, గీజరు, రైస్ కుక్కర్ చవకయ్యాయి. చవకయ్యాయి గనకే మామూలు ఇళ్లకు వచ్చాయి.