పేరులేని యెముకలకు కావలి

ధ్యానభాగము: 2 సమూయేలు 21:1–14



దావీదు దినములలో మూడు సంవత్సరములు విడువక కరవు కలిగెను. ఒక్క యేడు వాన తప్పినయెడల చెరువు ఎండి, పశువులకు మేత లేక మన పల్లె లెంత కలత చెందునో మన మెరుగుదుము. మూడేండ్ల కరవనగా ఆ ప్రజల పాట్లు చెప్పనలవి కానివి. రాజు యెహోవాయొద్ద విచారణ చేయగా వచ్చిన ప్రత్యుత్తరము ఎవరును తలంచనిది. సౌలు తన దినములలో గిబియోనీయులను చంపించెను. ఆ రక్తాపరాధము ఇంకను తీరలేదు.

ఈ గిబియోనీయు లెవరు? యెహోషువ 9వ అధ్యాయము చదివినచో తెలియును. వారు కట్టెలు నరుకువారు, నీళ్లు చేదువారు. ఇశ్రాయేలీయులలో పుట్టినవారు కారు గాని, వారిని బ్రదుకనిచ్చెదమని ఇశ్రాయేలు పెద్దలు దేవుని పేరట ప్రమాణము చేసియుండిరి. మరియొక సంగతి గమనించుడి. మొదటి సమూయేలు గ్రంథమంతయు తిరుగవేసినను ఈ హత్య మనకు కనబడదు. సౌలు ఫిలిష్తీయులతో చేసిన యుద్ధము వ్రాయబడెను. అమాలేకీయులతో చేసిన యుద్ధము వ్రాయబడెను. కట్టెలు కొట్టువారి చావు ఆ చోట వ్రాయబడలేదు. రాజు చనిపోయెను, రాజ్యము చేతులు మారెను, జనులు మరచిరి. దేవుడు మాత్రము మరువలేదు.

ఈ భాగము చదువునప్పుడెల్ల, మన తాతల కాలమున పరదేశములో జరిగిన యొక సంగతి మాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. అక్కడను యుద్ధమున్నది, కట్టెలు నరుకువారున్నారు, మరపున్నది. ఆ మరపుమీద అల్లిన కట్టుకథయు ఉన్నది. దానిని ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

రెండవ ప్రపంచ యుద్ధములో 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపాను సైన్యమునకు లొంగిపోయెను. మార్చి నెలలో రంగూను కూడ పడిపోయెను. బర్మాలోని తమ సైన్యమునకు ఓడలపై సరకులు పంపుట అపాయకరమైనందున, సయాము దేశమునుండి, అనగా నేటి థాయిలాండునుండి, బర్మాకు రైలుదారి వేయవలెనని జపాను సేనాధిపతులు నిశ్చయించిరి. దాని పొడవు సుమారు 415 కిలోమీటర్లు. దారియంతయు కొండలు, దట్టమైన అడవి, వానకాలమున పొంగు నదులు. 1942లో మొదలైన ఆ పనిని 1943 అక్టోబరులో ముగించిరి. యంత్రములు తక్కువ, మనుష్యులు ఎక్కువ. గునపము, పార, గంప, సుత్తి, వీటితోనే కొండలు తొలిపించిరి.

ఆ పనిలో పెట్టబడిన తెల్లవారైన యుద్ధఖైదీలు 60,000 మందికి పైగా ఉండిరి. వారిలో 12,000 మందికి పైగా చనిపోయిరి. లోకమునకు బాగుగా తెలిసినది వీరి కథయే. అయితే వీరికంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది కూలీలు అదే దారిమీద పనిచేసిరి. వారు 1,80,000 మందికి తక్కువ కారనియు, వారిలో సుమారు 90,000 మంది చనిపోయియుందురనియు చరిత్రకారులు అంచనా వేయుచున్నారు. బర్మీయులు, జావా దీవివారు, మలైవారు, చీనావారు ఆ కూలీలలో ఉండిరి. మలయాలోని రబ్బరు తోటలనుండి తేబడిన మన దేశస్థులును వేలకొలదిగా ఉండిరి. వారిలో తమిళులు అధికులు, తెలుగువారును ఉండిరి. మన కోస్తా జిల్లాలనుండి ఓడలెక్కి, కంగాణీల వెంట మలయా తోటలకు పోయిన కుటుంబముల బిడ్డలే వారు.

వారిని ఏలాగు తీసికొనిపోయిరి? యుద్ధమువలన రబ్బరు వ్యాపారము నిలిచి తోటలలో పనిలేక, బియ్యము దొరకక జనులు ఆకలితో ఉండిరి. రోజుకు ఒక డాలరు కూలి యిచ్చెదమనియు, కొన్ని నెలలు పనిచేసి తిరిగి రావచ్చుననియు చెప్పి కొందరిని పంపిరి. ఆ మాటలు చాలనప్పుడు బలవంతము చేసిరి. ఉచితముగా సినిమా చూపెదమని పిలిచి, తలుపులు మూసి, లోపలనున్నవారిని అట్లే రైలు పెట్టెలలో ఎక్కించిన సంగతిని బ్రదికి తిరిగి వచ్చినవారు చెప్పియున్నారు. భార్యాబిడ్డలతోకూడ పోయినవారును ఉండిరి.

అడవిలో వారి స్థితి ఖైదీల స్థితికంటెను హీనమాయెను. ఖైదీలకు ఆకలియు దెబ్బలును ఉన్నను, వారిలోనే వైద్యులుండిరి, అధికారులుండిరి, నీళ్లు కాచి త్రాగవలెనను కట్టుబాటుండెను. కూలీలకు ఇవేమియు లేవు. 1943 వానకాలమున కలరా సోకినప్పుడు వారు గుంపులు గుంపులుగా చనిపోయిరి. ఆ సంవత్సరము మధ్యలో సింగపూరునుండి ఖైదీలలోని వైద్యులు, పరిచారకులు కొన్ని వందలమందిని కూలీల పాకలకు పంపిరి గాని, చేతిలో మందులు లేనివారు చేయగలిగినది కొంచెమే.

యుద్ధము ముగిసిన పిమ్మట, 1945లో, ఆ రైలుదారి వెంట ఖైదీల సమాధులు వెదకుటకు ఒక బృందమును పంపిరి. వారు అడవిలో నడచి పదివేలకు పైగా సమాధుల జాడ తీసిరి. నేడు కాంచనబురి పట్టణములోని యుద్ధసమాధుల తోటలో సుమారు 7,000 సమాధులున్నవి. ఫలకము ఫలకముమీద పేరు, పటాలము, చనిపోయిన దినము. అనేకమైనవాటిమీద ఇంటివారు కోరిన వాక్యము. గడ్డి కత్తిరించి పూలు పెంచుచున్నారు. అది మంచి పని. మేము దానిని మెచ్చుకొనుచున్నాము. అయితే తొంబదివేలమంది కూలీలకు అట్టి తోట లేదు, అట్టి ఫలకములు లేవు. 1990లో ఆ పట్టణమునందే ఒక సామూహిక సమాధి బయటపడగా, అందులో వందలకొలది మనుష్యుల యెముకలు కనబడెను. అవి కూలీలవని తేలెను. ఏ తల్లి బిడ్డ ఏది అని చెప్పగలవారు లేరు.

ఇక కట్టుకథ మాట. 1957లో క్వాయ్ నదిమీది వంతెననుగూర్చి ఇంగ్లీషు చలనచిత్ర మొకటి వచ్చెను. అది 1952లో వెలువడిన యొక నవలనుబట్టి తీసినది. దానికి గొప్ప బహుమానములు వచ్చెను, లోకమంతయు చూచెను. అందులో ఖైదీలే కట్టెతో వంతెన కట్టుదురు. వారి కర్నలు తన పనితనము చూపవలెనని శత్రువునకు మనస్ఫూర్తిగా తోడ్పడును. కడపట వంతెన పేలిపోవును. జరిగినది వేరు. ఆ స్థలమున మొదట కట్టెవంతెనయు, పిమ్మట ఇనుపవంతెనయు కట్టబడెను. విమానములు బాంబులు వేసి చెడగొట్టినను, ఇనుపవంతెనను యుద్ధానంతరము బాగుచేసిరి. అది నేటికిని నిలిచియున్నది. అక్కడి ఖైదీల పెద్దయైన ఫిలిప్ టూసీ శత్రువుతో చేయి కలిపినవాడు కాడు. తన మనుష్యుల ప్రాణములు కాపాడుటకు దెబ్బలు తిన్నవాడు. ఆ వంతెన క్రింద పారునది మే క్లాంగ్ నది. కథ విని యాత్రికులు వచ్చి క్వాయ్ నది ఏదని అడుగుచుండగా, 1960 ప్రాంతమున ఆ నదిభాగము పేరునే మార్చిరి. చూచితిరా! కథ నిజమునకు లోబడలేదు. నదియే కథకు లోబడెను. ఆ చిత్రములో తోటకూలీల గోడు లేనేలేదు.

ఇందునుండి మనము నేర్చుకొనవలసినవి మూడు సంగతులు.

మొదటిది, దేవుని పుస్తకములో కూలీ పేరున్నది. కయీను తన తమ్ముని పొలములో చంపినప్పుడు చూచినవారెవరును లేరు. అయినను ఆ రక్తము నేలనుండి మొరపెట్టగా దేవుడు వినెను (ఆదికాండము 4:10). పిచ్చుక నేల రాలుట కూడ తండ్రి యెరుగునని మన ప్రభువు బోధించెను (మత్తయి 10:29). ఫలకముమీద పేరు లేనివాడు తండ్రి జ్ఞాపకములోనుండి తొలగిపోడు. మన పల్లెలలోనుండి పరదేశము పోయి తిరిగి రాని తాతలను తలంచుకొని, కబురైనను అందలేదని కన్నీరు విడిచిన కుటుంబములారా, ఈ మాట మీ కొరకే.

రెండవది, సాక్ష్యము నిజమై యుండవలెను. పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞను మనము పంచాయతీకిని కోర్టుకును మాత్రమే చెందినదని తలంచుదుము. చనిపోయినవాడును మన పొరుగువాడే. టూసీ వంటివానికి కథలో చెడ్డపేరు వచ్చెను. కూలీలకు ఏ పేరును లేకపోయెను. రెండును అన్యాయములే. అయితే ఎక్కువచేసి చెప్పుటయు అబద్ధమే. ఆ రైలుదారిలో స్లీపరు కొక ప్రాణము పోయెనని ఒక మాట వాడుకలో నున్నది. మీరే లెక్క చూడుడి. కిలోమీటరునకు వెయ్యి స్లీపర్లనుకొన్నను 415 కిలోమీటర్లకు నాలుగు లక్షలు దాటును. చనిపోయినవారు ఖైదీలును కూలీలును కలిసి లక్షకు కొంచెము పైన. లక్ష ప్రాణములు చాలవా? వాటికి మన కల్పన చేర్చనక్కరలేదు. మన సంఘముల చరిత్ర చెప్పుకొనునప్పుడును, చేతిలోని ఫోనులో వచ్చిన కథను మరియొకరికి పంపునప్పుడును ఈ సంగతి గుర్తుంచుకొందము. మనది అవును అంటే అవును, కాదు అంటే కాదు అను మాటగా నుండవలెను.

మూడవది, నిజము చెప్పుట పగకొరకు కాదు. జపాను సైన్యములో దుబాసీగా పనిచేసిన నాగసే తకాషి అను వాడొకడుండెను. యుద్ధము ముగియగానే సమాధులు వెదకిన ఆ బృందముతో అతడు అడవిలో నడచెను. ఆ సమాధులు చూచి అతని మనస్సు నొచ్చుకొనెను. మిగిలిన బ్రదుకంతయు పశ్చాత్తాపపడుచు ఆ స్థలమునకు అనేక పర్యాయములు తిరిగి వచ్చెను. ఎరిక్ లోమాక్స్ అను బ్రిటిషు సైనికుడు తాను హింసింపబడినప్పుడు ప్రక్కనుండి దుబాసీపని చేసిన ఈ మనుష్యుని యేబది యేండ్లు ద్వేషించెను. 1993లో కాంచనబురియందు వారిద్దరు కలిసికొనిరి. లోమాక్స్ అతని క్షమించెను. జరిగినదానిని దాచియుంటే ఆ క్షమాపణకు తావుండెడిది కాదు. దాచిన గాయము కుళ్లును. కడిగిన గాయము మానును.

ఇప్పుడు తిరిగి మన వాక్యభాగమునకు వత్తము. గిబియోనీయుల రక్తమునకు ప్రతిగా సౌలు సంతతిలో ఏడుగురిని ఉరితీసిరి. తండ్రి దోషమునకు కుమారులు చావరాదని ధర్మశాస్త్రములోనే యున్నది (ద్వితీయోపదేశకాండము 24:16) గనుక, ఈ తీర్పు మన మనస్సునకు బరువుగా నున్నది. దానిని తేలికగా విప్పబోము. రిస్పాను మాత్రము చూడుడి. ఆమె రాణి కాదు, ఉపపత్ని మాత్రమే. ఆ యేడుగురిలో ఇద్దరు ఆమె కుమారులు. ఆమెకు వారిని బ్రదికించు బలము లేదు, రాజుతో వాదించు నోరు లేదు. గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకొని, కోతకాలము మొదలుకొని వాన పడువరకు పగలు పక్షులను, రాత్రి మృగములను తోలుచు కూర్చుండెను. తన కుమారులకు మాత్రమే గాదు, ఏడుగురికిని కావలి కాచెను.

ఆ సంగతి రాజు చెవిని పడెను. అప్పుడు దావీదు లేచి, యాబేష్గిలాదులోనున్న సౌలు యెముకలను, యోనాతాను యెముకలను తెప్పించి, వీరి యెముకలనుకూడ సమకూర్చి, కీషు సమాధియందు పాతిపెట్టించెను. ఆ తరువాతనే దేవుడు దేశముకొరకైన విన్నపము అంగీకరించెనని వ్రాయబడియున్నది. ఒక దిక్కులేని స్త్రీ కావలి రాజును కదిలించెను.

మలేషియాలోని తమిళులు కొందరు రిస్పావలె కూర్చుండిరి. బ్రదికి వచ్చిన ముసలివారి నోటి సాక్ష్యములు వ్రాసి ఉంచిరి. వారి ప్రయాసవలన 2023లో, ఎనుబది యేండ్ల తరువాత, కాంచనబురిలో ఆ కూలీల జ్ఞాపకార్థము ఒక శిల నిలువబడెను.

మనము చేయగలిగిన దేమి? మీ సంఘములో ముసలివారుండగానే అడుగుడి. మలయాకు, బర్మాకు పోయి రానివారు ఎవరు, వారి పేరేమి, ఎవరి ఇంటివారు? వినినది వినినట్లు సంఘపు పుస్తకములో వ్రాయుడి, తెలియనిది కల్పింపకుడి. ఇంకొక సంగతి. నేడును మన యౌవనులు ఏజెంట్ల మాట నమ్మి గల్ఫు దేశములకు, మలేషియాకు పోవుచున్నారు. నాడు డాలరు కూలి అని చెప్పినట్లే నేడును తియ్యని మాటలు చెప్పువారున్నారు. పోవువాని పేరు, పోవు స్థలము, పని యిచ్చువాని పేరు, ఫోను నంబరు, పాస్‌పోర్టు నకలు ఇంటివారియొద్దను కాపరియొద్దను ఉండనిండి. ప్రతి ఆదివారము వాని పేరు పెట్టి ప్రార్థించుడి. నెల దాటి కబురు రానియెడల ఊరకుండక విచారించుడి. చనిపోయిన తరువాత కావలి కాయుటకంటె, బ్రదికియుండగా కావలి కాయుట మేలు కాదా?

ప్రార్థింతము: కూలీల కష్టమెరిగిన తండ్రీ, వడ్లవాని యింట పెరిగి, పరులు తొలిపించిన సమాధిలో పరుండిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. మేము మరచినవారిని నీవు మరువలేదు గనుక నీకు స్తోత్రము. మా నోటికి సత్యమును, మా కన్నులకు రిస్పా మెలకువను, దూరదేశములలోనున్న మా బిడ్డలకు నీ రెక్కల నీడను దయచేయుము. ఆమేన్.