యుద్ధ పాపము ఎవరిది?

ఊరిలో ఇల్లు కాలినచో నిప్పెవరు పెట్టిరని అందరు నడుగుదురు. ఆ నిప్పు పదిండ్లకు ప్రాకునట్లు ఎండుగడ్డి ఎవరు పేర్చిరని అడుగువారు తక్కువ. 1914వ సంవత్సరపు ఐరోపా మహాయుద్ధమును గూర్చియు లోకము మొదటి ప్రశ్ననే తరచుగా నడుగుచుండును.

ఆ యేడు జూన్ 28న సరయేవో పట్టణములో ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండును, ఆయన భార్యను పందొమ్మిదేండ్ల సెర్బు యువకుడొకడు కాల్చి చంపెను. జూలై 28న ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధము ప్రకటించెను. సెర్బియాకు రష్యా, ఆస్ట్రియాకు జర్మనీ, రష్యాకు ఫ్రాన్సు అండగా నిలిచినవి. జర్మను సేనలు బెల్జియములో చొరబడగా ఆగస్టు 4న ఇంగ్లండును దిగెను. వారము దినములలో ఐదు పెద్ద రాజ్యములు కత్తి దూసినవి. నిప్పురవ్వ ఆ యువకునిదే. కాని ఒడంబడికల ముడులు, యుద్ధనౌకల పోటీ, వలసరాజ్యములపై ఆశ అను గడ్డివామి ఏనాటి నుండియో పేర్చబడియున్నది.

కొలది నెలలలో ముగియునన్న యుద్ధము నాలుగేండ్లు సాగెను. సైనికులు కందకములలో కూరుకొనిపోయిరి. 1916 జూలై 1న సోం నదీతీరమున ఒక్క పగటిలో పందొమ్మిది వేలకు పైగా బ్రిటిషు సైనికులు మరణించిరి. 1917లో అమెరికా చేరెను. రష్యాలో జారు ప్రభుత్వము కూలెను. 1918 నవంబరు 11న తుపాకులు ఆగినవి.

ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లు, ఈ తగవుతో సంబంధము లేని మన దేశమువారు డెబ్బది వేలకు పైగా ప్రాణములు గోల్పోయిరి. మైసూరు, జోధ్‌పూరు సంస్థానముల అశ్విక దళములు 1918 సెప్టెంబరు 23న మరతుపాకులకెదురుగా ఈటెలతో దుమికి పాలస్తీనాలోని హైఫాను గెలిచినవి. మైసూరు దళమువారి స్మారక చిహ్నము బెంగుళూరు జె.సి. నగరులో నేటికిని ఉన్నది. వారి శౌర్యము వందనీయమే. కాని వారిని అంత దూరము పంపిన కలహము వారిది కాదు.

జర్మనీ కైజరు, ఇంగ్లండు రాజు విక్టోరియా రాణికి మనుమలు. రష్యా జారు ఇంగ్లండు రాజునకు పినతల్లి కొడుకు. కైజరు, జారు చివరి దినములలో ముద్దుపేర్లతో తంతులు పంపుకొనుచునే సైన్యములను కదలించిరి. భరత బాహుబలుల కథలో మంత్రులు నడుమ నిలిచి, తగవు అన్నదమ్ములది గనుక వారే తేల్చుకొనవలెనని సేనలను ఆపిరి. గెలిచిన బాహుబలి గెలుపునే విడిచెను. శ్రవణబెళగొళలో వేయి యేండ్లకు పైగా నిలిచియున్న మూర్తి ఆ విడిచినవానిదే, ఏలినవానిది కాదు.

1919 నాటి వర్సేల్సు సంధిలో గెలిచినవారు యుద్ధనష్టమునకు బాధ్యత యావత్తు జర్మనీ, దాని మిత్రుల ఖాతాలో వ్రాసిరి. పద్దులు తెలిసినవాడెవడును అట్టి లెక్కను ఒప్పడు. తమ భాగము వ్రాయని లెక్క ఎన్నడును సరిపడదు. ఇరువది యేండ్లకే, 1939లో, మరల యుద్ధము వచ్చెను.

అందరు పాపులేయన్నచో ఎవరును పాపులు కారు గదా యని కొందరందురు. అది సరికాదు. ఇల్లు కాపాడుకొనుటకు గృహస్థుడు చేయు విరోధి హింస వేరు, కోరి చేయు సంకల్ప హింస వేరు అని మన పెద్దలు విభజించిరి. బెల్జియము పాపము, దానిపై దండెత్తినవాని పాపము ఒకటి కాదు. అయినను చేసినవానితోపాటు చేయించినవానికిని, మెచ్చినవానికిని భాగముండును. 1914 ఆగస్టులో బెర్లినులో, పారిసులో, లండనులో వీధులు నిండి జయజయధ్వానములు చేసినవారు మూడవ వరుసలోనివారు.

వర్తకునికిని ఆ వరుసలో చోటున్నది. ఆ కాలమున మన అద్దకపు పనివారు వాడు కృత్రిమపు రంగులు అధికముగా జర్మనీ నుండియే వచ్చుచుండెడివి. యుద్ధముతో సరకు ఆగి ధర లెగసెను. ముందే కొన్న సరకును పెరిగిన ధరకు అమ్ముట వ్యాపారమే. కాని యుద్ధము ఇంకను సాగిన బాగుండునని లోలోపల కోరుట అనుమోదనము. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగిన వానికంటె, మంట ఆరకుండవలెనని కోరువాడు అధముడు.

లాభము ఖాతా పుస్తకములో కనబడును, కోరిక కనబడదు. దానిని ఎవరి మనస్సులో వారు చూచుకొనవలసినదే. పరిగ్రహమునకు మితి పెట్టుకొనుమన్న వ్రతము అందులకే ఏర్పడినది. గడ్డివామి చిన్నదైనచోట రవ్వ పడినను ఊరు కాలదు.