గ్రంథాలయానికి దూరమైన గ్రంథం

జర్మనీలోని మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో రొమాన్స్ భాషలకు, అంటే లాటిన్ నుంచి పుట్టిన ఫ్రెంచి, ఇటాలియన్ వంటి భాషల సాహిత్యానికి ఆచార్యుడైన ఎరిక్ అవర్‌బాఖ్‌ను, యూదుడన్న కారణంతో నాజీ ప్రభుత్వం 1935లో పదవి నుంచి తొలగించగా, ఆయన మరుసటి ఏడాది ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో చేరారు. వాస్తవ జీవితాన్ని పాశ్చాత్య సాహిత్యం చిత్రించిన తీరును హోమర్ మొదలు వర్జీనియా వుల్ఫ్ దాకా పరిశీలించిన ఆయన గ్రంథం ‘మిమెసిస్’ 1942, 1945 మధ్య, యుద్ధం సాగుతుండగానే అక్కడ రూపొందింది.

యూరపు సాహిత్య పరిశోధనకు తగిన గ్రంథాలయం అందుబాటులో ఉండి ఉంటే, ఒక్కో విషయంపై వెలువడిన పరిశోధనంతా చదవవలసివచ్చి, బహుశా ఈ గ్రంథం రాసే దశకే చేరేవాడిని కాననే భావాన్ని ఆయన చివరిమాటలో వ్యక్తం చేశారు. అందువల్లనే కావచ్చు, ఆయన సిద్ధాంతాల జోలికి అంతగా పోకుండా, చాలా అధ్యాయాలను మూలరచనలోని ఒక చిన్న భాగంతో ప్రారంభించి, దాని వాక్యనిర్మాణం నుంచే ఆ యుగపు జీవనదృష్టిని రాబట్టారు. అయితే ఆ నగరంలో పుస్తకాలే లేవనుకోవడం అతిశయోక్తి. అక్కడి ఒక క్రైస్తవ మఠపు గ్రంథాలయం ఆయనకు ఉపయోగపడింది.

పాలస్తీనాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్, ఈ గ్రంథానికి ప్రవాసం ఆటంకం కాదనీ, అదే దానిని సాధ్యం చేసిందనీ వాదించారు. ఆ ప్రవాసంలో గమనించదగిన విషయం మరొకటుంది: తనను వెళ్లగొట్టిన ప్రభుత్వపు భాషే అయినా, అవర్‌బాఖ్ ఈ గ్రంథాన్ని జర్మన్‌లోనే రాశారు, అది 1946లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో వెలువడింది.