అర్థం తెలియని కమాండు

వేదమంత్రాలకు అర్థం లేదన్న వాదాన్ని యాస్కుడు వేదపదాల అర్థం చెప్పే నిరుక్తంలో కౌత్సుడి పేరున ఎత్తుకుని, తర్వాత ఖండించాడు. మంత్రంలో మాట మార్చకూడదు, వరుస తప్పకూడదు, దాన్ని ఎక్కడ వాడాలో బ్రాహ్మణ గ్రంథాలే చెబుతున్నాయి. ఇక అర్థంతో పనేమిటన్నది కౌత్సుడి ప్రశ్న. సర్వర్లు చూసుకునేవాళ్లకు ఇది కొత్త వాదంలా అనిపించదు. ఎక్కడో దొరికిన లైనును కాపీ చేసి, టెర్మినల్‌లో పేస్ట్ చేసి ఎంటర్ కొడితే నిండిన డిస్కు ఖాళీ అవుతుంది, ఆగిన సర్వీసు లేస్తుంది. మరి అర్థం తెలియకుండా ఆ పని చేసినవాడికి తాను చేసినదాని మీద ఏపాటి హక్కుంది, ఏపాటి బాధ్యత ఉంది? వరుస మారకూడదు కాబట్టి అర్థం లేదనడం మాత్రం నిలవదు. లోకంలో మామూలు మాటల్లోనూ కొన్నిటికి వరుస స్థిరంగానే ఉంటుందని యాస్కుడి జవాబు. ఫైండ్ కమాండునే చూడండి. పాత లాగ్ ఫైళ్లు తీసేయడానికి చాలామంది దాచుకునే లైను ఒకటుంది: ఫలానా డైరెక్టరీలో, పేరు చివర లాగ్ అని ఉన్నవి, 30 రోజులు దాటినవి, డిలీట్. ఆ డిలీట్‌ను చివరి నుంచి తెచ్చి షరతులకు ముందు పెడితే ఎర్రర్ రాదు. ఫైండ్ ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతుంది కనుక, పేరూ వయసూ అడక్కముందే ఆ డైరెక్టరీలో ఉన్నదంతా చెరిపేస్తుంది. మాన్యువల్‌లో ఈ హెచ్చరిక ఉంది కూడా. వరుసకు అంత పట్టింపు రావడం అర్థం వల్లనే.

అలాగని అర్థం తెలుసుకుంటే చాలు అనడానికీ లేదు. 2015 జనవరిలో లినక్స్ మీద నడిచే స్టీమ్ గేమ్ ప్రోగ్రాములో ఒక లోపం బయటపడింది. వేరియబుల్‌లో ఉన్న డైరెక్టరీ పేరు వెనక ఒక స్లాష్, ఒక స్టార్ చేర్చి, అక్కడున్న వాటన్నిటినీ ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్‌తో తీసేసే లైను దాని స్క్రిప్టులో ఉంది. స్టీమ్ డైరెక్టరీని వేరే చోటికి జరుపుకున్న ఒక మెషీన్‌లో ఆ పేరు దొరక్క వేరియబుల్ ఖాళీగా మిగిలింది. ముందు పేరు లేని స్లాష్, స్టార్ అంటే సిస్టమ్ మొత్తం. ఆ యూజర్‌కు చెరిపే అధికారమున్న ఫైళ్లన్నీ పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డ్రైవులోవి కూడా. రూట్‌ను చెరపనని ఆర్‌ఎం మొరాయించే ఏర్పాటు గ్నూ పనిముట్లలో 2006 నుంచీ ఉంది, కానీ ఇక్కడ అక్కరకు రాలేదు. స్టార్‌ను షెల్ ముందే విప్పేస్తుంది. ఆర్‌ఎంకు చేరేది రూట్ పేరు కాదు, దాని కింద ఉన్న ఒక్కొక్క డైరెక్టరీ పేరు. ఇది భయపెట్టే లైనని స్క్రిప్టులో పక్కనే కామెంటు కూడా ఉంది! రాసినవాళ్లకు ఆ లైనులో అర్థం కాని అక్షరం లేదు. అది ఎలాంటి మెషీన్‌లో నడవాల్సి వస్తుందో తోచలేదు, అంతే.

ఒకచోటిదాన్ని మరోచోటికి తెచ్చుకున్నప్పుడు ఏం మారాలన్న ఈ సంగతిని, వేదవిధుల అర్థాన్ని విచారించే మీమాంసకులు ఎంతో లోతుగా తరిచారు. దర్శపూర్ణమాసాల వంటి యాగాలు ప్రకృతి, వాటి పద్ధతిని తెచ్చుకుని చేసేవి వికృతి. సూర్యుడికి హవిస్సు ఇచ్చేచోట ప్రకృతిలోని మంత్రాన్ని ఉన్నదున్నట్టు చదివితే అగ్ని పేరు పలుకుతుంది. అక్కడ అగ్నిని తీసి సూర్యుణ్ణి పెట్టాలి. ఇలా సవరించుకోవడాన్ని ఊహ అంటారు. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల్లో తొమ్మిదో అధ్యాయం దీని గురించే. మంత్రాలకు అర్థముందనడానికి దీన్నే ఒక ఆధారంగానూ చూపారు: ఒట్టి శబ్దమే అయితే ఏ ముక్క మార్చాలో ఎలా తెలుస్తుంది? కమాండు తెచ్చుకునేవాడికి ఉండాల్సిన జ్ఞానం ఇదేనని నా అభిప్రాయం. డిస్కు మీద నేరుగా రాసే డీడీ కమాండులో ఆ డిస్కు ఎస్‌డీఏనా, ఎస్‌డీబీనా అన్నది ఆ లైను పుట్టిన మెషీన్ సంగతి. మార్చకుండా నడిపితే అది మారు మాట్లాడకుండా మన డిస్కు మీద రాసుకుంటూ పోతుంది.

టార్ ఆప్షన్లన్నీ తెలుసుకుని, కెర్నెల్ లోపల జరిగేదంతా చదివి కమాండు కొట్టాలంటే ఏ పనీ తెమలదు అంటారు. ఒప్పుకుంటాను. యాగం చేసేవాడు కూడా, ఫలాన్ని తెచ్చిపెట్టే కంటికి కనబడని శక్తి, అంటే అపూర్వం, ఎలా పుడుతుందో వివరించనక్కర్లేదు. తన చోటికి తగ్గట్టు ఏది మారాలో తెలిస్తే చాలు. అదీ కాస్త పట్టి చూడాలి. స్క్రిప్టు మొదట్లో సెట్ మైనస్ యూ రాశాం కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. అది అసలు పుట్టని వేరియబుల్‌ను పట్టుకుంటుంది గానీ పుట్టి ఖాళీగా ఉన్నదాన్ని వదిలేస్తుంది. స్టీమ్‌లో జరిగింది ఆ రెండోది. దాన్ని ఆపాలంటే మీసాల బ్రాకెట్లలో వేరియబుల్ పేరు రాసి, వెంటనే కోలన్, ప్రశ్నార్థకం పెట్టాలి.

దీనికన్నా గట్టి అభ్యంతరం, తెలిసినవాళ్ల మాట నమ్మడమూ జ్ఞానమే కదా అన్నది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, మాటను ప్రమాణాల్లో చేర్చాడు. లైను ఇచ్చిన సీనియర్ నిజంగా ఆప్తుడే కావచ్చు. అయితే ఆయన చెప్పిన నిజం తన మెషీన్‌లో అది నడిచిందని. మన మెషీన్ ఆయన చూడలేదు, దాని గురించి చెప్పనూ లేదు. చెప్పినంతవరకే బరువు ఆయన మీద వేయగలం, మిగతాది ఎంటర్ కొట్టినవాడిదే. ఇప్పుడు ఏఐ ఇచ్చే కమాండ్లతో చిక్కు ఇంకా ముదిరింది. స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినది చెప్పాలన్న కోరిక ఉండాలి అని న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడికి పెట్టిన షరతుల్లో అది ఏదీ దాటదు. పోనీ చెప్పే మనిషే లేడు కాబట్టి మనుషుల దోషాలూ ఉండవని, వేదం గురించి మీమాంసకులు అన్నట్టు, దాన్ని అపౌరుషేయం అనుకుందామంటే అదీ కుదరదు. అది నేర్చుకున్నదంతా మనుషులు రాసిందే, ఆ వేరియబుల్ ఖాళీగా ఉండొచ్చని తోచని మనుషులు రాసినదానితో సహా.