కారుకు పరువు ఇచ్చిందెవరు?



ఒక సినిమా హీరో కొత్త కారు కొన్నాడంటే చాలు, మరునాటికి ఆ ఫోటో మన విచారణలోని యువకులందరి ఫోన్లలోనూ ఉంటుంది. కారు పేరేమిటి, ధర ఎన్ని కోట్లు, ఎన్ని సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, అన్నీ కంఠతా వచ్చు. పన్నెండుమంది అపోస్తలుల పేర్లు అడిగితే ఎనిమిదో పేరు దగ్గర ఆగిపోయేవారు కూడా కార్ల పేర్లు తడుముకోకుండా చెప్పేస్తారు. (వారిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. వారి జ్ఞాపకశక్తికి లోటేమీ లేదని చెప్పడానికే.) అలాంటి ఫోటో చూసినప్పుడల్లా, గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివిన పాత అలవాటు కొద్దీ నాకొక ప్రశ్న కలుగుతుంది. ఆ కారువల్ల హీరోకు పరువు పెరిగిందా? హీరోవల్ల కారుకు పరువు పెరిగిందా?

"రెండూ నిజమే ఫాదర్" అంటారు మీరు. సరే, అలాగే అనుకుందాం. అయితే వీరిద్దరూ ఒకరి దగ్గర ఒకరు అప్పు పుచ్చుకుంటున్నారన్నమాట. మరి ఆ చేతా ఈ చేతా మారుతున్న అసలు సొమ్ము ఎవరిది?

రోల్స్ రాయిస్ సంగతే తీసుకుందాం. కలిగిన కుటుంబంలో పుట్టిన చార్లెస్ రోల్స్, చిన్నతనంలో వార్తాపత్రికలు అమ్మి పొట్టపోసుకున్న హెన్రీ రాయిస్ 1904లో మాంచెస్టర్‌లో కలుసుకున్నారు. రాయిస్ చేతిలో పనితనముంది. ఆయన చేసిన యంత్రం చప్పుడు లేకుండా, మొరాయించకుండా నడిచేది. 1907లో వారి సిల్వర్ ఘోస్ట్ కారు వేల మైళ్ళ పరీక్షకు తట్టుకుని నిలబడింది. ఆ తొలిరోజుల్లో దానికొచ్చిన పేరు న్యాయంగా సంపాదించుకున్న పేరే. ఆ పేరు విని రాజులు వచ్చారు. రాజులు వచ్చిన తరువాత పనితనం గురించి అడిగేవారు తగ్గిపోయి, "ఇది ఏ రాజుగారి దగ్గరుంది?" అని అడిగేవారు పెరిగిపోయారు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు అక్కడ పసుపురంగు సిల్వర్ ఘోస్ట్‌ను చూసే ఉంటారు. నిజాం ప్రభువు కోసం లోపల సింహాసనంలాంటి ఎత్తయిన ఆసనం అమర్చిన కారు అది.

1950 నుంచి ఆ సంస్థ ఫాంటమ్ ఫోర్ అనే కారును మొత్తం 18 మాత్రమే తయారు చేసింది. అవి రాజకుటుంబాలకూ దేశాధినేతలకూ తప్ప మరొకరికి దక్కలేదు. మొదటిది అప్పటికింకా రాకుమారిగా ఉన్న ఎలిజబెత్ గారికి వెళ్ళింది. మూడు స్పెయిన్ నియంత ఫ్రాంకోకు వెళ్ళాయి. అంతకు చాలా ముందే, కార్మికరాజ్యం స్థాపించిన లెనిన్ కూడా రోల్స్ రాయిస్‌లోనే తిరిగాడు. మంచులో నడిచేందుకు వెనుక చక్రాలు తీసేసి పట్టాలు బిగించిన ఆ కారు మాస్కో దగ్గర గోర్కీలోని మ్యూజియంలో ఉంది. రాణిగారూ, నియంతా, విప్లవ నాయకుడూ! గుమ్మం దగ్గర హోదాను తూచారేగాని గుణాన్ని ఎవరూ తూచలేదు. "ఎంపిక చేసిన కొందరికే" అన్న మాట ప్రకటనల్లో కనబడినప్పుడు, ఎంపిక దేన్నిబట్టి జరిగిందో మీరొకసారి అడిగి చూడండి.

ఇక జాన్ లెనన్ కారు కథ. బీటిల్స్ బృందంలోని ఈ గాయకుడు 1965లో ఫాంటమ్ ఫైవ్ కొన్నాడు. అప్పుడది నల్లరంగు కారు, గంభీరమైన పెద్దమనిషిలాంటి కారు. 1967లో అతడు దానికి నిండా పసుపురంగు వేయించి, దానిమీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ పూలూ తీగలూ గీయించాడు. మన సంక్రాంతి సంబరాల్లో తిరిగే బండిలా తయారైంది. ఇంగ్లండులో చాలామంది ముఖం చిట్లించారు. లండన్ వీధిలో ఒక పెద్దావిడ, రోల్స్ రాయిస్‌కు ఇంత అపచారమా అని గొడుగుతో ఆ కారుమీద పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడకు అలాంటి కారు ఉండి ఉండదు. అయినా తన సొత్తుకేదో నష్టం జరిగినట్టు బాధపడింది. ఈ సంగతి నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. కాసేపట్లో మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

ఆ కారు 1985లో వేలానికి వచ్చింది. 22 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇప్పుడు కెనడాలోని విక్టోరియా నగరంలో, ఒక మ్యూజియం సొత్తుగా ఉంది. 2017లో రోల్స్ రాయిస్ సంస్థ తన ఫాంటమ్ కార్లలో చరిత్రకెక్కినవాటిని ఎంచి లండన్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు, ఈ పూల కారునూ సముద్రాలు దాటించి తెప్పించుకుంది. యాభై ఏళ్ళ క్రితం తలవంపులు అనిపించుకున్నదే ఇప్పుడు తలమానికమైంది. ఈ మధ్యలో కారు మారిందా? లేదు. అదే ఇనుము, అదే రంగు. మారిందల్లా చూసేవారి కన్ను.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథంలో మనిషి ఆనందం దేనిలో ఉందని వెతుకుతూ గౌరవాన్ని కూడా పరీక్షించాడు. గౌరవం పుచ్చుకునేవాడిలోకంటే ఇచ్చేవాడి చేతుల్లోనే ఎక్కువ ఉంటుంది కనుక అది మన సొంత సొత్తు కాజాలదని తేల్చాడు. పదమూడో శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు గారూ అదే దారిలో నడిచారు. ఇంత పెద్దవాళ్ళు చెప్పిన దాన్ని మన తెలుగు పల్లెలు ఎప్పుడో రెండు మాటల్లో పెట్టుకున్నాయి. "నలుగురిలో పరువు" అంటాం కదా! పరువు ఉండేది నలుగురిలో. మనలో అని ఎవరూ అనరు. మొదట మనం అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. హీరోకూ కారుకూ మధ్య చేతులు మారుతున్న సొమ్ము ఆ ఇద్దరిదీ కాదు. అది గొడుగు పట్టుకున్న ఆ పెద్దావిడది, ఫోను చూస్తూ కూర్చున్న మన అబ్బాయిది. మెచ్చుకునే కన్నే ఆ వ్యాపారానికి పెట్టుబడి.

కంపెనీలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే ప్రముఖుడు తమ కారు కొంటే సంతోషిస్తూనే, లోపల భయపడుతూ ఉంటాయి. 2014లో డెడ్‌మౌస్ అనే కెనడా సంగీతకారుడు తన ఫెరారీకి పిల్లిబొమ్మలున్న రంగుల తొడుగు వేయించి, దానిమీది గుర్తును కూడా మార్చి, పేరును పరిహాసంగా "పురారీ" అని పెట్టుకున్నాడు. సంస్థ లాయర్ల ద్వారా నోటీసు పంపింది. తన గుర్తును మార్చవద్దనే హక్కు సంస్థకు ఉందనే నా అభిప్రాయం. గుర్తు దాని సంతకంలాంటిది. కాని డబ్బిచ్చి కొనుక్కున్న కారుమీద పిల్లిబొమ్మ వేసుకోకూడదంటే మాత్రం, అమ్మింది ఏమిటని అడగవలసి వస్తుంది. 2024లో ప్రపంచం మొత్తానికి 13,752 కార్లే అందించిన సంస్థ అది. తక్కువ చేయడమే దాని బలం. ఆ కొద్దిమందిలో ఒకడు నవ్వులాట చేసినా నలుగురి కన్ను మారుతుందని దాని బెంగ.

ఫోర్డ్ సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. తన జీటీ కారుకోసం కొనదలచినవారి చేత దరఖాస్తులు పెట్టించింది. 500 కార్లకు 6,506 దరఖాస్తులు వచ్చాయి. నలుగురికీ కనబడేలా కారును తిప్పేవారికి మొగ్గు చూపింది. రెండేళ్ళు అమ్మకూడదని షరతు పెట్టింది. కుస్తీవీరుడూ నటుడూ అయిన జాన్ సీనా కొద్దివారాల్లోనే అమ్మేశాడని 2017లో కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది రాజీ కుదిరి, ఆ సొమ్ము ఒక ధర్మకార్యానికి వెళ్ళింది. ఒప్పుకున్న షరతు పాటించవలసిందే, దానికి నేను అడ్డు చెప్పను. కాని ఆలోచించండి. మన ఊళ్ళో ఒకడు ఎద్దును కొంటే, అమ్మినవాడు వచ్చి "దీన్ని సంతలో రెండేళ్ళపాటు అందరికీ కనబడేలా తిప్పాలి" అంటే ఆ కొన్నవాడిని రైతు అంటామా, అవతలివాడి పాలేరు అంటామా?

రజనీష్ గారి సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికాలోని ఒరెగాన్‌లో ఆయన ఆశ్రమం 1985లో మూతబడేనాటికి 93 రోల్స్ రాయిస్ కార్లు ఉన్నాయి. వేరే గురువును వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. మన గురువుల కార్లు కూడా విశ్వాసుల కళ్ళలో పడుతూనే ఉంటాయని నాకు తెలుసు. నేను చెప్పదలచింది లెక్క గురించి మాత్రమే. ఒక కారు ఉంటే నలుగురూ ఆగి చూస్తారు. తొంభైమూడు ఉంటే నవ్వుతారు. ఆ రోజుల్లో ఆ కారు పేరు చెబితే చాలామందికి రాణిగారికి బదులు ఆ వరుస గుర్తుకొచ్చేది.

మన శ్రీసభ పెద్దల పేర్లు కూడా ఈ వ్యాపారానికి వెలుపల లేవు. 2005లో బెనెడిక్ట్ పాపుగారు ఎన్నికైన కొద్దిరోజులకే, కార్డినల్‌గా ఉన్నప్పుడు ఆయన పేరుమీద ఉన్న ఒక పాత వోక్స్‌వాగన్ గోల్ఫ్ ఇంటర్నెట్ వేలంలో సుమారు 1,89,000 యూరోలు పలికింది. అంతకు ముందు దాన్ని కొన్న వ్యక్తి 10,000 యూరోలైనా పెట్టలేదు. ఇంతకూ వేలంలో పాడుకున్నదెవరు? ప్రచారం కోరుకున్న ఒక జూద సంస్థ! గోల్ఫ్ మామూలు కుటుంబాలు వాడుకునే కారు. పాపుగారి పేరు తగలగానే అదీ "ఎంపికైన" కారైపోయింది.

అదే సంవత్సరం, ఫెరారీ సంస్థ పునీత రెండవ జాన్ పాల్ పాపుగారికి సమర్పించిన 400వ ఎంజో కారును వేలం వేసి, ఆ ధనాన్ని సునామీ బాధితులకు కేటాయించారు. 2004 డిసెంబరు 26న మన కోస్తా జిల్లాల మత్స్యకారుల ఇళ్ళను ముంచిన సునామీయే అది. 2017 నవంబరులో లాంబోర్గిని సంస్థ ఫ్రాన్సిస్ పాపుగారికి తెల్లని హురాకాన్ కారు బహూకరించింది. ఆయన ఆశీర్వదించి, దానిమీద సంతకం చేసి పంపించేశారు. మరుసటి ఏడాది మొనాకోలో 7,15,000 యూరోలకు పాట ముగిసింది. వేలందారులు వేసిన అంచనాకు అది రెండింతలకంటే ఎక్కువ. ఆ సొమ్ములో కొంత ఇరాకులోని నీనెవె మైదానంలో ఇళ్ళు కూలిపోయిన క్రైస్తవ కుటుంబాలకు, కొంత అక్రమ రవాణాకు బలైన స్త్రీలకు, కొంత ఆఫ్రికాలో పనిచేసే సేవాసంస్థలకు అందింది. ఇందులో కంపెనీకి లాభం లేదా అంటే ఉంది. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. అంతటి ప్రచారం కోట్లు పోసినా దొరకదు. అయినా నాకు అభ్యంతరం లేదు. నలుగురి కన్ను తనమీద ఉందని ఎరిగిన పెద్దాయన, ఆ చూపును తన దగ్గర దాచుకోకుండా ఇటుకలుగా, తలుపులుగా మార్చి ఇచ్చేశాడు. పుచ్చుకున్న కారు ఎక్కలేదు కూడా.

ఇక మన ఇళ్ళ సంగతి. పెళ్ళి చీటీలు చదివించడానికి వచ్చే తల్లిదండ్రులతో మాట్లాడుతూ ఉంటాను. ఈమధ్య అల్లుడికి కారు పెట్టడం మామూలైపోయింది. కారు అనడంతో ఆగరు, ఫలానా పేరున్న కారు అంటారు. "ఆ హీరో కొన్నది ఈ కంపెనీదే ఫాదర్, అది కోట్లలో ఉంటుంది, మేము చిన్నది తీసుకుంటున్నాం" అంటారు. మనం ఒక వస్తువును కోరుకుంటున్నామని అనుకుంటూ నిజానికి దాన్ని కోరుకున్న మరో మనిషిని అనుకరిస్తుంటామని ఫ్రెంచి ఆలోచనాపరుడు రెనే జిరార్ 1961లోనే రాశాడు. ఇందులో ఒక విచిత్రం గమనించండి. ప్రకటనలో ఆ కారు పక్కన నిలబడినందుకు హీరోకు కంపెనీ డబ్బు ఇస్తుంది. అదే పేరు మన వాకిట్లో నిలబెట్టుకోవడానికి మనం ఏడేళ్ళు వాయిదాలు కడతాం.

కారు కొనవద్దని నేను చెప్పను. ముసలివారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికీ, పిల్లలతో వానలో తడవకుండా ఆదివారం పూజకు రావడానికీ కారు మంచిదే. పెళ్ళి మాటల్లో కారు పేరు వచ్చినప్పుడు నేను రెండు విషయాలు అడుగుతూ ఉంటాను. నెలకు వాయిదా ఎంత, అది ఎవరి జీతంలోంచి వెళుతుంది అని. చాలాసార్లు ఆ వాయిదా వెళ్ళేది పెళ్ళికూతురి తండ్రి పింఛనులోంచి. ఆయన ఇంకా సైకిలుమీదే తిరుగుతూ ఉంటాడు.